వరహాలమ్మగారి కుడికాలు

రోజూ సాయంత్రం దవాఖానా మూసే వేళకు మా గేటు ముందర ఒక మోటారు సైకిలు గేరు పళ్లు కొరుకుతుంది. ఇనప గిన్నెలో గులకరాళ్లు వేసి తిప్పినట్టు కర్రుమని చప్పుడు, దాని వెనకే కాలిన పెట్రోలు వాసన. అప్పుడే నిద్రపోయిన పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. కొత్తగా చేరిన నర్సులు కిటికీ దగ్గరకు పరుగెత్తి, "దీదీ, ఆ బండి పాడైపోయింది పాపం" అంటారు. "బండికేమీ కాలేదు. నడిపేవాడి కాలికే ఏదో అయింది" అంటాను నేను, తలెత్తకుండా. వాళ్లకది వేళాకోళంలా వినిపిస్తుంది. వాళ్ల తప్పేముంది, వాళ్లు డాక్టర్ వరహాలమ్మగారిని చూడలేదు. చూసి ఉంటే బండి చప్పుడు చేసినప్పుడు బండిని కాక మనిషిని చూడాలని వాళ్లకూ తెలిసేది.

యుద్ధం అయిపోయిన కొత్తలో మాట. రాయపూర్‌లో ఒక ధర్మసంస్థ నడిపే ఈ ఆడవాళ్ల దవాఖానాకు ఆవిడ డాక్టరు. విజయనగరం మనిషి. పొట్టిగా, బలంగా ఉండేవారు. గొంతు సంగతి చెప్పనక్కర్లేదు, ఇక్కడ ఆవిడ కేకేస్తే స్టేషన్లో కూలీలు తమనే పిలిచారనుకుని తిరిగి చూసేవారు. చీర గోచీ పోసి కట్టి, పైన ఖాకీ కోటు, కళ్లకు నల్లద్దాలు, కాళ్లకు కాన్వాసు బూట్లు. ఈ వేషంలో ఆవిడ మిలటరీ వాళ్లు వదిలేసి పోయిన మోటారు సైకిలెక్కి పల్లెలకు బయల్దేరితే బజారంతా ఆగిపోయేది. బండికి పక్కన ఒక తొట్టి తగిలించి ఉండేది. మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆ తొట్టిలో కూర్చోవడమే నా ఉద్యోగం. విశాఖపట్నంలో నర్సు పని నేర్చుకుని, రైల్వేలో ఫైర్‌మన్‌గా ఉన్న మా అన్నయ్య పంచన చేరి, ఏదో ఒక పని దొరికితే చాలునని తిరుగుతున్న నన్ను ఆవిడే పిలిచి చేర్చుకున్నారు.

మొదటి రోజు తొట్టిలో కూర్చోగానే అడిగారు. "ఏటే సత్యా, భయమేస్తందా?"

"లేదమ్మా."

"మరి ఆ పెట్టెనెందుకలా కావిలించుకున్నావు, అదేమైనా నీ మేనమావా?"

ఆవిడ బండిని ఒక్క తన్ను తన్ని లేపుతూ చెప్పారు. "రోగులూ నీలాగే. ఒంటి మీదున్నవన్నీ చెప్తారు, ఒక్కటి దాచేస్తారు. దాచిందాన్లోనే ఉంటాది రోగం. ఎప్పుడు మొదలైందో అడుగు. అప్పుడు కొత్తగా ఏటి మారిందో అడుగు. ఏమీ లేదు అన్నారనుకో, అక్కడ తవ్వు." ఆ తర్వాత ఇంకేదో చెప్పారు గానీ బండి మోతలో నాకు వినపడలేదు.

ఆ తవ్వడం ఎలా ఉంటుందో త్వరలోనే చూశాను. ఒక పల్లెలో పశువుల కాపరి ఒకడు చెయ్యి వాచి, నీలంగా మారి వచ్చాడు. పురుగు ముట్టిందన్నాడు, ముల్లు గుచ్చుకుందన్నాడు, అత్తగారు దిష్టి పెట్టిందన్నాడు. "ఇది మొదలవక ముందు కొత్తగా ఏం చేశావు?" అని ఆవిడ అడిగితే "కుఛు నఇ, డాక్టరిన్ బాయి" అన్నాడు. ఏమీ లేదని అర్థం. ఆ మాట వినడమే తరువాయి, ఆవిడ వాడి భుజం మీది గొంగడి లాగేశారు. దండచేతికి తాయెత్తు, దాని తాడు చర్మంలోకి దిగబడిపోయి ఉంది. కత్తెర తీసేసరికి వాడు గోలపెట్టాడు. ఊరి మంత్రగాడు బైగా మంత్రించి కట్టాడట, తీస్తే గేదె చచ్చిపోతుందట. "తీయకపోతే చెయ్యి పోతాది. గేదె కావాలా, చెయ్యి కావాలా?" అని ఆవిడ తన విజయనగరం హిందీలో గద్దించారు. వాడు చాలాసేపు ఆలోచించి, పాలిచ్చే గేదె అని చెప్పాడు. ఆ మాట పూర్తయ్యే లోపలే తాడు తెగిపోయింది. తిరుగుదారి పొడుగునా ఆవిడ ఆ మూఢనమ్మకాన్ని తిట్టిపోస్తూనే ఉన్నారు. గేదె కూడా బతికే ఉందని తర్వాత కబురొచ్చింది.

ఆ మాఘమాసంలో ఆవిడ సెలవు పెట్టి విజయనగరం వెళ్లి వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ బండికి జబ్బు చేసింది.

ఆ జబ్బేమిటో చెప్పాలి. ఆ బండికి గేర్లు కాలితో మార్చాలి. కుడిపాదం దగ్గర చిన్న ఇనప మీట ఉంటుంది. దాన్ని అరికాలితో కిందికి తొక్కితే పై గేరు పడి బండి వేగం అందుకుంటుంది. వేళ్లు దాని కిందికి దూర్చి పైకి ఎత్తితే కింది గేరు పడి బలం పుంజుకుంటుంది. మిట్ట ఎక్కాలంటే ఎత్తాలన్నమాట. అంతకుముందు రెండూ చక్కగా పడేవి. ఇప్పుడు తొక్కినప్పుడు బుద్ధిగా పడుతోంది, ఎత్తినప్పుడే పేచీ పెడుతోంది. పై గేరును వదిలేస్తుంది, కింది గేరును అందుకోదు. రెంటి మధ్యా త్రిశంకు స్వర్గంలో నిలబడి ఇంజను మాత్రం ఊరంతా వినిపించేలా అరుస్తుంది, చక్రం కదలదు. ఖారూన్ నది రేవు దాటాక వచ్చే మిట్ట మీద ఇలా జరిగిన ప్రతిసారీ మేం దిగడం, గేదెలు కాసేవాళ్లు నవ్వుకుంటూ వచ్చి నెట్టడం. పురుడు పోయడానికి వెళ్తే మేం చేరేసరికి పుట్టిన పిల్లే ఎదురొచ్చేలా ఉంది పరిస్థితి.

బండికి వైద్యుడు కరీం మిస్త్రీ. యుద్ధంలో లారీలు బాగుచేసి వచ్చినవాడు. గేరు డబ్బా విప్పి, పళ్లన్నీ కిరసనాయిలుతో కడిగి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ బిగించాడు. క్లచ్చి తీగ మార్చాడు. నూనె మార్చాడు. ప్రతిసారీ తానే ఎక్కి అదే మిట్ట మీదికి వెళ్లి వచ్చేవాడు. అతని కాళ్లకు మిలటరీ బూట్లు, వాటితో గోడను తంతే గోడకే దెబ్బ తగులుతుంది. దిగి మీసం దువ్వుకుని, "గాడీ బిల్కుల్ ఠీక్ హై, డాక్టర్ సాబ్" అనేవాడు. మర్నాడు ఆవిడ ఎక్కితే మళ్లీ అదే రాగం.

"నీ ఎదర నాటకమాడతంది మిస్త్రీ. నా కాడికొచ్చేసరికి మొండికేస్తంది" అనేవారు ఆవిడ, అత్తగారి మీద కోడలు ఫిర్యాదు చేసినట్టు.

సంగతి సెక్రటరీగారి దాకా పోయింది. మా సంస్థను నడిపేది ఆయనే. భారీ మనిషి, మెత్తని మాట. ఒకనాడు వచ్చి బల్ల ముందు కూర్చుని, తాను చెప్పబోయేది తనకే ఇష్టం లేనట్టు తలపాగా సర్దుకుంటూ చెప్పారు. "డాక్టర్ సాహిబా, వచ్చే సోమవారం నేనే తొట్టిలో కూర్చుంటాను. రేవు మిట్ట ఎక్కి దిగుదాం. ఎక్కితే సరే. లేకపోతే బండిని వేలం వేసేద్దాం. మీరు హాయిగా ఊళ్లోనే కూర్చుని వైద్యం చేయండి. పల్లెలు ఎక్కడికీ పోవు."

పల్లెలు ఎక్కడికీ పోవు, నిజమే. పోయేదాన్ని నేను. బండి లేకపోతే తొట్టి లేదు, తొట్టి లేకపోతే అందులో కూర్చునే నర్సు లేదు. ఈ కబురు మా ఇంటికి నాకన్నా ముందే చేరింది. మా అన్నయ్య ఆ రోజు భోజనం దగ్గర బొబ్బిలి సంబంధం ఎత్తాడు. పెళ్లికొడుక్కి రైసు మిల్లుందట, చదువుకున్న పిల్లయినా సర్దుకుంటాడట. "సర్దుకోడానికి నేనేటి పెట్టెనా, బెడ్డింగునా?" అన్నాను. వదిన నవ్వింది గానీ అన్నయ్య నవ్వలేదు. ఆ తొట్టిలో కూర్చుని దుమ్ము తింటూ తిరిగిన ఆ రోజులే నా బతుకులో నేను నా ఇష్టంగా బతికిన రోజులు. అవి ఒక ఇనప మీట మీద ఆధారపడి ఉన్నాయంటే ఏడుపొచ్చింది.

ఆదివారం దవాఖానా వెనక వేపచెట్టు కింద వరహాలమ్మగారు బండిని పరీక్ష చేశారు. పరీక్ష అంటే నిజంగానే పరీక్ష. స్టెతస్కోపు ఇంజను మీద పెట్టి విన్నారు. నూనె వేలికి రాసుకుని వాసన చూశారు. మీటను చేత్తో పైకి కిందికి ఆడించి, మోకాలి కీలు చూసినట్టు తల పంకించారు. నేను మందుల పెట్టె మీద కూర్చుని చూస్తున్నాను. చేత్తో ఎత్తితే మీట టక్కుమని పైకి లేస్తోంది, గేరు పడుతోంది. మిస్త్రీ కాలితో ఎత్తినా పడుతోంది. పడనిది ఒక్కరికే.

"ఇది ఎప్పుడు మొదలైందమ్మా?" అన్నాను.

"తెలీదేటి నీకు? నేను సెలవు నుంచి వచ్చాకే."

"అప్పుడు కొత్తగా ఏం మారింది?"

"ఏమీ లేదు."

ఆ మాట ఆవిడ అన్న తీరు నాకు బాగా తెలుసు. గొంగడి కింద తాయెత్తు దాచుకున్నవాడు అచ్చం అలాగే అన్నాడు, చూపు పక్కకు తిప్పుకుని. అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. సెలవు నుంచి వచ్చాక ఆవిడ కాస్త కుంటుతున్నారు. ఇదివరకు ఆస్పత్రిలోకి రాగానే బూట్లు విప్పేసి చెప్పులేసుకునేవారు, ఇప్పుడు రోజంతా బూట్లతోనే ఉంటున్నారు. నాకు నోరు ఆగలేదు.

"అమ్మా, కుడికాలి బూటు విప్పండి."

"ఏటీ?"

"అక్కడ తవ్వమని మీరే కదా చెప్పారు."

ఆవిడ నన్ను తిట్టడానికి నోరు తెరిచారు. ఆవిడ నోరు తెరిచి ఏమీ అనకుండా మూయడం నేను చూసింది ఆ ఒక్కసారే. మెల్లగా కూర్చుని బూటు విప్పారు. రెండో వేలు ఎర్రగా వాచి ఉంది. ఆ వేలికి దొడ్డు వెండి మెట్టె. మీటను ఎత్తినప్పుడల్లా ఆ ఇనుము సరిగ్గా మెట్టె మీదే నొక్కుతుంది, మెట్టె వేలిలోకి దిగుతుంది. నొప్పికి కాలు తనకు తెలియకుండానే సగం ఎత్తి ఆపేస్తోంది. సగం ఎత్తితే ఏ గేరు పడుతుంది? కరీం మిస్త్రీ విప్పి కడిగి ఎండబెట్టవలసింది గేరు డబ్బాను కాదు.

"ఎప్పుడమ్మా?" అన్నాను. మెట్టెలు పెట్టుకునేది పెళ్లిలోనే కదా.

"మాఘంలో" అన్నారు నేలకేసి చూస్తూ.

ఎవరని అడగబోయి ఆగాను. రైల్వే గార్డు రామ్మూర్తిగారు. తెల్ల యూనిఫారంలో, తీరైన మీసంతో, ఏడాది పొడుగునా దగ్గు మందు కోసం మా దవాఖానాకు వచ్చిన మనిషి. ఆడవాళ్ల దవాఖానాకు మగ రోగి ఏమిటని ఎవరికీ అనుమానం రాలేదు, రైల్వే తెలుగువాళ్లందరికీ ఆవిడే డాక్టరు మరి. ఏ మందుకూ లొంగని ఆ దగ్గు మాఘమాసం తర్వాత మళ్లీ వినపడలేదు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

"నవ్వకే! మన సంస్థ రూలు తెలుసు కదా. లేడీ డాక్టరుకు పెళ్లి కాకూడదు. పెళ్లయితే ఇంటి ధ్యాస పడిపోతాదంట. తెలిస్తే నన్ను పంపించేస్తారు."

"అయితే రేపటికి ఆ ఒక్క మెట్టె తీసేయండి. సాయంత్రం మళ్లీ పెట్టుకోవచ్చు."

"తియ్యను."

"తీయకపోతే బండి పోతుందమ్మా. బండి కావాలా, మెట్టె కావాలా?"

నా మాట కాదది, ఆవిడదే. ఆవిడకూ గుర్తొచ్చింది. ముఖం ఎర్రబడింది. "ఆయన రాత్రనకా పగలనకా రైలు చివరి పెట్టెలో ఒంటరిగా లాంతరు పట్టుకుని నిలబడే మనిషి. ఇది తీస్తే ఆయనకేదో అవుతుందని నేను నమ్మను. డాక్టర్ని నేను, ఎలా నమ్ముతాను?" అని ఆగి, బూటు తొడుక్కుంటూ అన్నారు. "నమ్మను. కానీ తియ్యను."

ఊరూరా తాయెత్తులు కత్తిరించిన మనిషి! నాకు ఆవిడ మీద కోపం రావలసింది. రాలేదు. అప్పటిదాకా ఆవిడంటే భయం, గౌరవం ఉండేవి. ప్రేమ అనేది ఆ నిమిషంలోనే పుట్టింది.

చివరికి ఒక ఉపాయం కుదిరింది. రామ్మూర్తిగారి డ్యూటీ బూట్లు తెచ్చాం. ముందుభాగం గట్టి తోలు, మీట ఎంత నొక్కినా లోపల వేలికి తగలదు. ఆయన కాలు ఆవిడ కాలికి రెట్టింపు ఉండటంతో దూది, పాత గుడ్డలు కుక్కాం.

సోమవారం సెక్రటరీగారు తొట్టిలో దిగారు. దిగారనే కంటే ఇరికారనాలి. నేను వెనక సీటు మీద పక్కవాటుగా కూర్చున్నాను. చదునుదారిలో బండి గుర్రంలా పోయింది. ఎత్తితే పడుతోంది, తొక్కితే పడుతోంది. "వాహ్" అన్నారు సెక్రటరీగారు. రేవు దాటి మిట్ట మొదలైంది. సగం ఎక్కాం. ఇంజను ఆయాసపడింది. ఆవిడ కాలు ఎత్తారు. కుక్కిన దూది అప్పటికే అణిగిపోయి ఉంది. పాదం లేచింది, బూటు లేవలేదు. గేరు మళ్లీ త్రిశంకు స్వర్గంలో చిక్కుకుంది. ఇంజను ఆకాశమంటేలా అరిచింది, బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక నీళ్లలో గేదెలు తలలెత్తి మాకేసి చూస్తున్నాయి. సెక్రటరీగారు కళ్లు గట్టిగా మూసుకుని "బజరంగబలీ, బజరంగబలీ" అని మొదలెట్టారు. నేను బొబ్బిలి రైసు మిల్లును కళ్లారా చూశాను.

అప్పుడు వరహాలమ్మగారు కుడికాలు విదిలించారు. గార్డుగారి బూటు గాల్లోకి లేచి, మిట్ట మీద పల్టీలు కొడుతూ నీళ్లలోకి పోయింది. ఒట్టి పాదం మీట కిందికి దూర్చి, "ఓలమ్మో!" అని రేవంతా దద్దరిల్లేలా కేకపెట్టి, ఒక్క ఎత్తు ఎత్తారు. టక్కుమని గేరు పడింది. బండి ఒక్కసారి ఊగి, గట్టిగా పట్టుకుని, మిట్ట పైదాకా ఎక్కి ఆగింది.

సెక్రటరీగారు కళ్లు తెరిచి, తాను బతికే ఉన్నానని తేల్చుకుని, తొట్టిలోంచి దిగారు. ఆయన చూపు తిన్నగా ఆవిడ కుడికాలి మీద పడింది. వేలు చిట్లి నెత్తురు కారుతోంది. దుమ్ములో, ఎండలో మెట్టె తళతళలాడుతోంది. ఈ వైపు దాన్ని బిఛియా అంటారు. అది ఎవరు పెట్టుకుంటారో ఇక్కడ చంటిపిల్లకు కూడా తెలుసు.

ఆవిడ కాలు దాచుకోలేదు. నల్లద్దాలు తీసి, ఆయన కళ్లల్లోకి చూస్తూ నిలబడ్డారు. "సెక్రటరీ సాబ్, ఒక మాట చెప్పాలి" అన్నారు.

ఆయన చెయ్యెత్తి ఆపారు. "బండి మిట్ట ఎక్కిందా?"

"ఎక్కింది."

"నేను చూడవలసింది అదొక్కటే. తక్కినప్పుడంతా నేను కళ్లు మూసుకునే ఉన్నాను, మీరూ చూశారుగా" అన్నారు. తలపాగా సర్దుకుని, మళ్లీ తొట్టిలోకి మాత్రం ఎక్కనని చెప్పి, అటుగా వెళ్తున్న ఎడ్లబండిని పిలిచారు.

ఆ వారంలోనే ఆయన ఇంటినుంచి పనిమనిషి ఒక చిన్న పొట్లం తెచ్చింది. సెక్రటరీగారి భార్య పంపారట. లోపల కొత్త మెట్టెలు. దారంలా సన్నగా, వేలికి అంటుకుపోయేలా చేసినవి. బూటులో ఉన్నా తెలియవు, మీట నొక్కినా గుచ్చుకోవు. కళ్లు మూసుకున్న మనిషి ఇంటికి వెళ్లి భార్యకు అంత వివరంగా ఎలా చెప్పగలిగాడో వరహాలమ్మగారు అడగలేదు. ఆ పొట్లం పట్టుకుని మందుల గదిలోకి వెళ్లి ఏడ్చి వచ్చి, పొడిదగ్గు అన్నారు. నేను తవ్వలేదు. ఆ తర్వాత బండి ఒక్కసారి కూడా మొండికేయలేదు. సంస్థలో ఆ రూలును తీసేశారో లేదో గానీ, అందరూ దాని పేరెత్తడం మానేశారు.

రామ్మూర్తిగారికి వాల్తేరు బదిలీ అయినప్పుడు ఆవిడ కూడా వెళ్లిపోయారు. వెళ్లే రోజు ప్లాట్‌ఫారం మీద కూడా ఎవరికో నాలుక చూపించమంటూనే ఉన్నారు. రైలు కదిలాక కిటికీలోంచి నాకేసి చూసి, "రోగి మాట వినవే. కానీ కాళ్లు కూడా చూడు!" అని అరిచారు. ప్లాట్‌ఫారం మీదున్న వాళ్లందరూ ఎందుకైనా మంచిదని తమ కాళ్లు చూసుకున్నారు.

ఇప్పుడు ఈ వార్డు నా చేతిలో ఉంది. కుఛు నఇ అన్నవాళ్ల గొంగడి నేనూ లాగుతాను. ఎవరి తాయెత్తు కత్తిరించవలసి వచ్చినా ముందు, నమ్మను కానీ తియ్యను అన్న మనిషిని తలుచుకుంటాను. కత్తెర కాస్త మెత్తగా పడుతుంది.

ఇక గేటు ముందరి ఆ మోటారు సైకిలు సంగతి. దాన్ని నడిపేది కాలువల శాఖలో పనిచేసే కాకినాడ మనిషి. మొన్న కరీం మిస్త్రీ మనవరాలిని చూపించడానికి వస్తే అడిగాను. ఆ బండి గేరుకు ఏ లోపమూ లేదట. భన్‌పురి దారిలోనూ, స్టేషను దగ్గరా, ఎక్కడా చప్పుడు చేయదట. ఒక్క మా గేటు ముందే, అదీ నేను డ్యూటీలో ఉన్న రోజుల్లోనే. ఎప్పుడు మొదలైందని ఆలోచించాను. ఆయన గొంతునొప్పని వచ్చి, గొంతులో ఏమీ లేకుండానే నా చేత మందు వేయించుకుని పోయిన దగ్గర్నుంచి.

నిన్న వదిన అన్నం వడ్డిస్తూ నన్ను ఎగాదిగా చూసి అడిగింది. "ఏటి సత్యా, ఈ మధ్య ఏదో మారినట్టున్నావు?"

"ఏమీ లేదు వదినా" అన్నాను, చూపు పక్కకు తిప్పుకుని.